బ్రష్ కట్టరు పోషణ – భద్రపరచుట, లోపములు, నివారణ

సంక్రాంతి వెళ్లిన తరువాత కొట్టములో ఒక మూలకు చేర్చిన బ్రష్ కట్టరు, మృగశిర కార్తె వానలు పడిన తరువాతగాని రైతుకు జ్ఞాపకము రాదు. అప్పటికి గట్లమీద గరిక, తుంగ మోకాలెత్తు లేచి యుండును. తోటలో వయ్యారిభామ మొగ్గ తొడుగుచుండును. యంత్రమును దింపి, దుమ్ము దులిపి, తాడు లాగినచో అది పలుకదు. పదిసార్లు, ఇరువదిసార్లు లాగి, భుజము నొప్పి పుట్టిన తరువాత దానిని మోటారు సైకిలుపై కట్టుకొని పట్టణములోని మెకానిక్కు వద్దకు పోవుట జరుగును. అక్కడ ఇదే కారణమున వచ్చిన యంత్రములు వరుసలో నుండును. ఇది బాగుపడి ఇల్లు చేరుసరికి వయ్యారిభామ పూతకు వచ్చును. ఒక్కొక్క మొక్క వేలకొలది విత్తనములను రాల్చును. యంత్రము నాలుగు దినములు నిలిచినందువలన కలిగిన నష్టము మరుసటి సంవత్సరము కలుపుతీత కూలి రూపమున తిరిగి కనబడును.

ఇంతకును మెకానిక్కు చేసిన పని ఏమి? పాత పెట్రోలు పారబోసి, కార్బురేటరు కడిగి, ప్లగ్గు తుడిచి ఇచ్చినాడు. ఈ పనులలో పెక్కింటిని రైతు తన ఇంటి అరుగుమీద కూర్చుండి అరగంటలో చేసికొనవచ్చును. సంక్రాంతినాడు పావుగంట శ్రద్ధ వహించి యుండినచో అదియును అవసరము లేకపోయెడిది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటకంటె ముందు జాగ్రత్త మేలు గదా! కావున ఈ యంత్రమును ఎట్లు పోషింపవలెనో, పని లేని నెలలలో ఎట్లు భద్రపరుపవలెనో, మొరాయించినపుడు ఏ వరుసలో చూచుకొనవలెనో ఇచట వివరింపబడినది.

యంత్రము యొక్క నిర్మాణము

అమెరికాలో హ్యూస్టన్ నగరమున 1971లో జార్జి బల్లాస్ అను నతడు, కార్లు కడుగు యంత్రములోని తిరుగుడు కుంచెలను చూచి, చెట్ల మొదళ్లచుట్టు గడ్డి కోయుటకు తిరుగుడు తాడు గల పరికరమును తయారుచేసెను. నేడు మన తోటలలో తిరుగుచున్న నైలాను తాడు కట్టర్లకు అదియే మూలము. కొబ్బరి, మామిడి, జీడిమామిడి, ఆయిల్ పామ్ తోటలలోను, వరి గట్లమీదను, కాలువల వెంబడిని ఇప్పుడు ఈ యంత్రమునకు మంచి గిరాకి కలదు.

దీనిలో ఒక చివర చిన్న పెట్రోలు ఇంజను, రెండవ చివర గేరుబాక్సు, దానికి క్రింద బ్లేడు లేక నైలాను తాడు ఉండును. రెంటికి నడుమ గొట్టములో సన్నని ఇరుసు తిరుగును. ఇంజను వేగము పెరిగినపుడు మాత్రమే క్లచ్చి పట్టుకొని ఇరుసును త్రిప్పును. వేగము తగ్గినపుడు ఇంజను ఆడుచున్నను బ్లేడు నిలిచిపోవలెను. ఈ ఒక్క విషయము జ్ఞాపకముంచుకొన్నచో ముందు చెప్పబోవు లోపములలో కొన్ని తేలికగా బోధపడును.

పెట్రోలు, ఆయిలు – ప్రాణము వంటివి

ఈ యంత్రములలో రెండు స్ట్రోకుల ఇంజనులు, నాలుగు స్ట్రోకుల ఇంజనులు అని రెండు రకములు కలవు. రెండు స్ట్రోకుల ఇంజనులో ఆయిలునకు వేరే గిన్నె లేదు. పెట్రోలులో కలిపిన ఆయిలే పిస్టనును, బేరింగులను కాపాడును. ఆయిలు కలుపని పెట్రోలు పోసి నడపినచో కొద్ది నిముషములలోనే పిస్టను సిలిండరుకు పట్టివేయును. అట్లు పట్టిన ఇంజనుకు ఖర్చు, క్రొత్త యంత్రము వెలలో పెద్ద భాగమగును. ఇంటిలోని కుర్రవాడో, క్రొత్తగా వచ్చిన కూలీయో తెలియక మోటారు సైకిలు పెట్రోలును తీసి దీనిలో పోయుటవలన ఇట్టి నష్టము కలుగుచుండును.

నాలుగు స్ట్రోకుల ఇంజనుకు ఆయిలు గిన్నె వేరుగా నుండును. దానికి సాధారణముగా ఒట్టి పెట్రోలు పోయవలెను. అయితే నాలుగు స్ట్రోకుల ఇంజనులలో కొన్నింటికి కూడ మిశ్రమమునే పోయవలసి యుండును. కావున పేరునుబట్టి ఊహింపక, టాంకు మూతపై గల గుర్తును, యంత్రముతో ఇచ్చిన పుస్తకమును చూచి నిర్ణయించుకొనవలెను.

కలుపవలసిన పాళ్లు కూడ పుస్తకములో నుండును. పెక్కు యంత్రములకు మేలురకపు టూ-టి ఆయిలు వాడినపుడు 50 పాళ్ల పెట్రోలునకు 1 పాలు ఆయిలు, సాధారణపు ఆయిలు వాడినపుడు 25 పాళ్లకు 1 పాలు చొప్పున సూచింపబడుచున్నది. అనగా లీటరు పెట్రోలునకు మొదటి లెక్కన 20 మి.లీ., రెండవ లెక్కన 40 మి.లీ. ఆయిలు పట్టును. మందుల దుకాణములో దొరకు కొలత మూతగాని, సూది లేని సిరంజి గాని దగ్గర నుంచుకొన్నచో కొలత తప్పదు. “కొంచెం ఎక్కువ పోస్తే ఇంజనుకు మంచిదే గదా” అని కొందరు అనుకొందురు. అది పొరపాటు. ఆయిలు ఎక్కువైనచో పొగ వచ్చును, ప్లగ్గు నల్లబడును, సైలెన్సరులో మసి పేరుకొనును. లారీలకు, ట్రాక్టర్లకు పోయు ఇంజను ఆయిలును ఈ మిశ్రమములో ఎన్నడును వాడరాదు.

మిశ్రమమును యంత్రపు టాంకులో కలుపరాదు. పెట్రోలునకు తగిన వేరే డబ్బాలో సగము పెట్రోలు పోసి, ఆయిలు అంతయు చేర్చి, బాగుగా కుదిపి, మిగిలిన పెట్రోలు పోసి మరల కుదుపవలెను. టాంకులో పోయుటకు ముందు ప్రతిసారియు డబ్బాను కుదుపవలెను. డబ్బాపై “ఆయిలు కలిపినది” అని పెద్ద అక్షరములతో వ్రాసి, కలిపిన తేదీని కూడ వ్రాయవలెను. టూ-టి ఆయిలులో రంగు కలిపి యుండుటచే మిశ్రమమునకు రంగు వచ్చును. రంగు లేని పెట్రోలు కనబడినచో అనుమానించి ఆగవలెను.

ఎథనాలు కలసిన పెట్రోలుతో జాగ్రత్త

మన దేశమున పెట్రోలులో ఎథనాలు కలుపుట 2022లో 10 శాతమునకును, 2025లో 20 శాతమునకును చేరినది. ఎథనాలునకు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము కలదు. వానకాలమున మూత వదులైన డబ్బాలోనో, సగము ఖాళీ టాంకులోనో పెట్రోలు నిలువయున్నచో అది క్రమముగా నీటిని పట్టును. నీరు హెచ్చినచో ఎథనాలు, నీరు కలిసి పెట్రోలునుండి విడిపోయి అడుగునకు దిగును. టాంకులోని పీల్పుడు గొట్టము కొన కూడ అడుగుననే యుండును. ఆయిలు మాత్రము పైనున్న పెట్రోలుతో నిలిచిపోవును. అప్పుడు ఇంజనుకు అందునది నీరు, ఎథనాలేగాని సరియైన మిశ్రమము కాదు. ఇంజను కదలదు, కదలినచో ఆయిలు చాలక దెబ్బతినును.

కావున రెండు మూడు వారములలో ఖర్చగునంత మిశ్రమమునే కలుపవలెను. నెల దాటిన మిశ్రమమును బ్రష్ కట్టరులో పోయరాదు. దానిని కాలువలోగాని, బావి దగ్గరగాని పారబోయరాదు. పొయ్యి రాజుకొనుటకు వాడరాదు. మూత బిగించి మెకానిక్కు షెడ్డుకు అప్పగించుట మేలు. యంత్రము పాతదైనచో దాని రబ్బరు గొట్టములు, కార్బురేటరులోని పలుచని రబ్బరు పొర ఎథనాలును తట్టుకొనగలవో లేదో అమ్మినవారిని అడిగి, అవసరమైనచో మార్పించుకొనవలెను.

ప్రతిదిన పోషణ

పని ముగియగానే ఇంజనును ఆర్పి చల్లారనిచ్చి, పది నిముషములు ఈ క్రింది పనులు చేయవలెను.

బ్లేడుకు, గేరుబాక్సునకు చుట్టుకొన్న గడ్డిని తీయవలెను. పీచుగడ్డి ఇరుసునకు బిగుసుకొన్నచో బేరింగు మూతలోనికి దూరి గ్రీజును బయటకు తోయును. ఇంజను చుట్టునున్న రెక్కల సందులలో చేరిన పొట్టును మెత్తని కుంచెతోగాని, కర్రపుల్లతోగాని తీయవలెను. ఈ రెక్కల ద్వారానే ఇంజను చల్లబడును. అవి మూసుకొన్నచో ఎంత మంచి ఆయిలు పోసినను ఇంజను కాగిపోవును. ఇంజనుపై నీటిని చిమ్మి కడుగరాదు. తడిగుడ్డతో తుడిచిన చాలును.

గాలి వడపోతను ప్రతిదినము విప్పి చూచి, ఎనిమిది పది గంటల పనికొకసారి శుభ్రపరుపవలెను. అది స్పాంజిరకమైనచో గోరువెచ్చని సబ్బునీటిలో పిసికి, మెలిపెట్టక నొక్కి నీరు తీసి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి అమర్చవలెను. కాగితపు వడపోతను తడుపరాదు. నేలకు మెల్లగా తట్టి దుమ్ము దులుపవలెను. వడపోతను తీసివేసి “ఇప్పుడు బాగా లాగుతోంది” అని నడపువారు కొందరు కలరు. ఎండాకాలపు దుమ్ము సిలిండరులోనికి పోయినచో అది ఆకురాయివలె పిస్టను రింగులను అరగదీయును.

మరలు, నట్లు, భుజపట్టీ కొక్కెము బిగువుగా నున్నవో లేవో చేతితో తడవి చూడవలెను. అదురుడుకు మొదట వదులగునవి ఇవియే.

వేళకు చేయవలసిన పనులు

ఇరువది, ఇరువదియైదు గంటల పనికొకసారి గేరుబాక్సు ప్రక్కనున్న మరను విప్పి గ్రీజు చూచి, తగ్గినచో లిథియం గ్రీజు కొద్దిగా ఎక్కింపవలెను. గేరుబాక్సు నిండ కూరరాదు. కూరినచో వేడెక్కి బయటకు కారును.

ప్లగ్గును అదే వేళకు విప్పి చూడవలెను. దాని కొన ఇంజను ఆరోగ్యమును తెలుపును. లేత ఇటుకరంగుగా నున్నచో అంతయు బాగున్నదని అర్థము. నల్లగా, జిడ్డుగా నున్నచో ఆయిలు ఎక్కువైనదనియో, గాలి వడపోత మూసుకొన్నదనియో తెలిసికొనవలెను. తెల్లగా కాలినట్లున్నచో ఇంజనుకు మిశ్రమము చాలుట లేదు. ఇది ప్రమాద సూచన. ప్లగ్గు కొనల నడుమ ఎడము సాధారణముగా 0.6 నుండి 0.7 మి.మీ. ఉండవలెను. సుమారు నూరు గంటల పని తరువాత ప్లగ్గును మార్చుట మంచిది. దాని వెల స్వల్పము. ఎప్పుడును క్రొత్త ప్లగ్గు ఒకటి సంచిలో నుంచుకొనవలెను.

టాంకులోపల పీల్పుడు గొట్టము కొనకు చిన్న వడపోత ఉండును. వంచిన తీగకొక్కెముతో దానిని పైకి తీసి చూచి, మురికిపట్టినచో మార్చవలెను. గొట్టములు గట్టిబడినవో, పగిలినవో చూడవలెను. సైలెన్సరు నోటిలోని జల్లెడను మసి లేకుండ తీగకుంచెతో శుభ్రపరుపవలెను.

నాలుగు స్ట్రోకుల ఇంజను గలవారు ప్రతిదినము ఆయిలు మట్టమును చూడవలెను. క్రొత్త యంత్రమునకు మొదటి పది గంటల తరువాతను, ఆపైన సుమారు ఏబది గంటలకొకసారియు ఆయిలు మార్చవలెను.

బ్లేడు, నైలాను తాడు

మెత్తని గడ్డికి, చెట్ల మొదళ్ల దగ్గరకు నైలాను తాడు మంచిది. బెరడు దెబ్బతినకుండుటకు లేతమొక్కల దగ్గర దానినిగూడ దూరముగా నడపవలెను. ముదురు గడ్డికి, సన్నని పొదలకు మూడు పళ్ల బ్లేడు, గట్టి కాడలకు గుండ్రని రంపపు బ్లేడు వాడవలెను. నైలాను తాడు ఎండి పెళుసుబారి తెగుచున్నచో ఒక రాత్రి నీటిలో నానబెట్టి వాడినచో మెత్తబడును. నైలానుకు బదులుగా ఇనుప తీగను ఎన్నడును కట్టరాదు. అది తెగినచో తుపాకి గుండువలె దూసుకొనిపోవును.

బ్లేడు మొద్దువారినచో ఆకురాయితో అన్ని పళ్లను సమానముగా పదునుపెట్టవలెను. ఒక పంటికి పది దెబ్బలు, ఇంకొక పంటికి ఇరువది దెబ్బలు వేసినచో తూకము తప్పి యంత్రము అదరును. గేరుబాక్సు బేరింగు చెడును. గ్రైండరుపై నీలిరంగు తిరుగువరకు కాల్చినచో ఉక్కు పదును నిలువదు. పగులు కనబడిన బ్లేడును వెల్డింగు చేయించి వాడరాదు. దానిని పారవేయుటే క్షేమము. నిముషమునకు ఏడువేల చుట్లు తిరుగు యంత్రములో విరిగిన ముక్క ఎటు పోవునో ఎవరును చెప్పలేరు.

బ్లేడు నట్టు పెక్కు యంత్రములలో ఎడమచుట్టు మర. అనగా గడియారపు ముల్లు తిరుగు దిశకు త్రిప్పినచో వదులగును. ఇది తెలియక బలముగా ఎదురుత్రిప్పి మరను పాడుచేయుట కలదు. విప్పునపుడు, బిగించునపుడు ఇరుసు తిరుగకుండుటకు ఇచ్చిన కమ్మిని రంధ్రములో పెట్టవలెను. ముందుగా ఇంజనును ఆర్పి, ప్లగ్గు తొడుగును ఊడదీయుట మరువరాదు.

పని లేని నెలలలో భద్రపరచుట

నెలకు మించి యంత్రముతో పని లేదని తోచినపుడు ఈ వరుసలో చేయవలెను.

1. టాంకులోని మిశ్రమమును పూర్తిగా తీసివేయవలెను. మంట, దీపము దగ్గర లేని ఆరుబయట ఈ పని చేయవలెను.

2. పెట్రోలు ఎక్కించు రబ్బరు బుడ్డిని కొన్నిసార్లు నొక్కి, ఇంజనును మందముగా నడపి తనంతట అది ఆగువరకు విడిచిపెట్టవలెను. దీనివలన కార్బురేటరులో మిగిలిన పెట్రోలు ఖర్చగును. మిగిలియున్నచో అది నెలలతరబడి ఆరి, లక్కవలె అంటుకొని సన్నని రంధ్రములను మూసివేయును. మృగశిరలో యంత్రము పలుకకపోవుటకు ముఖ్యకారణము ఇదియే.

3. ఇంజను చల్లారిన తరువాత ప్లగ్గు విప్పి, రంధ్రములో సుమారు 5 మి.లీ. టూ-టి ఆయిలు వేసి, స్టార్టరు తాడును మెల్లగా రెండు మూడు సార్లు లాగవలెను. ఆయిలు లోపల అంతటను పూతవలె పట్టి త్రుప్పును నివారించును. ప్లగ్గును తిరిగి బిగించి, తాడును ఎదురు బిగువు తగులువరకు మెల్లగా లాగి విడిచిపెట్టవలెను. అపుడు పిస్టను పైకి చేరి, తేమ లోపలికి పోవు దారులు మూసుకొనును.

4. బ్లేడును విప్పి శుభ్రపరచి, పదునుపెట్టి, ఆయిలు పూసి కాగితములో చుట్టవలెను. గాలి వడపోతను కడిగి ఆరబెట్టి అమర్చవలెను.

5. సైలెన్సరు నోటికి గుడ్డ దోపవలెను. మట్టిగూళ్లు కట్టు కందిరీగలకు ఇట్టి రంధ్రములు ప్రియమైనవి. గుడ్డ ఉన్నదని తెలియుటకు దాని కొనను బయటకు వ్రేలాడనిచ్చి, హ్యాండిలునకు ఒక చీటీ కట్టవలెను.

6. యంత్రమును నేలమీద పడవేయక గోడ కొయ్యకు వ్రేలాడదీయవలెను. ఎలుకలు రబ్బరు గొట్టములను కొరుకును. ధాన్యపు బస్తాల మధ్య దాచినచో ఎలుకలను పిలిచినట్లే.

ఎక్కడ నుంచవలెనను విషయమును గూర్చి రెండు మాటలు చెప్పవలసి యున్నది. యూరియా, పొటాషు బస్తాలున్న గదిలో ఉంచరాదు. అవి తేమ పీల్చి ఇనుమును, అల్యూమినియమును తినివేయును. బోరు మోటారు షెడ్డులో ఉంచుట రైతులకు అలవాటు. యంత్రము టాంకు ఖాళీగా నున్నచో పరవాలేదుగాని, పెట్రోలు డబ్బాను మాత్రము అచట నుంచరాదు. స్టార్టరు డబ్బాలో ప్రతిసారి నిప్పురవ్వ పుట్టును. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. నేలబారున ప్రాకి రవ్వను వెదకుకొనును. వంటయింటి పొయ్యి, దేవుని దీపము, బీడీ – ఇవన్నియు ఇట్టివే. పెట్రోలును చల్లని పానీయముల సీసాలలో పోసి ఉంచుట మరింత ప్రమాదము. దాహముతో వచ్చిన పిల్లవానికి అది పానీయమువలెనే కనబడును.

తిరిగి వాడుకలోనికి తెచ్చుట రోహిణి కార్తెలోనే జరుగవలెను. గుడ్డ తీసి, క్రొత్త మిశ్రమము పోసి, ఐదు నిముషములు ఆడించి చూచినచో లోపమేదైన ఉన్నను వానలకు ముందే సరిచేసికొనవచ్చును.

యంత్రము మొరాయించినపుడు

“నిన్నటిదాకా బాగానే ఆడిందండీ!” అను మాట మెకానిక్కులు నిత్యము వినునదే. ఇంజను ఆడుటకు మూడు కావలెను: సరియైన మిశ్రమము, మంచి నిప్పురవ్వ, సిలిండరులో బిగువు. ఈ మూడింటిని వరుసగా చూచినచో లోపము దాగదు. కనబడిన మరనెల్ల విప్పుట, త్రిప్పుట పనికిరాదు.

స్టార్టు కానపుడు: మొదట ఆపు స్విచ్చిని చూడవలెను. అది “ఆపు” వైపున ఉండగా తాడు లాగి అలసినవారు ఎందరో కలరు. తరువాత పెట్రోలు పాతదా, క్రొత్తదా చూడవలెను. రబ్బరు బుడ్డిని నొక్కి పెట్రోలు వచ్చుచున్నదో లేదో చూడవలెను. ఆపైన ప్లగ్గు విప్పవలెను. ప్లగ్గు తడిసియున్నచో పెట్రోలు ఎక్కువైనదన్నమాట. దానిని తుడిచి ఆరబెట్టి, చోకును తెరచి, ప్లగ్గు లేకుండ ఐదారుసార్లు తాడు లాగినచో ఎక్కువైన పెట్రోలు బయటకు పోవును. ప్లగ్గు పొడిగా నున్నచో పెట్రోలు అందుట లేదు. టాంకు వడపోతను, గొట్టమును చూడవలెను. అవి బాగున్నచో లోపము కార్బురేటరులో కలదు.

రవ్వను పరీక్షించుటకు ప్లగ్గును తొడుగునకు తగిలించి, దాని లోహభాగమును ఇంజను లోహమునకు ఆనించి తాడు లాగవలెను. నీలిరంగు రవ్వ కనబడవలెను. పెట్రోలు ఒలికిన చోట, ప్లగ్గు రంధ్రమునకు దగ్గరగా ఈ పరీక్ష చేయరాదు. రవ్వ లేనిచో క్రొత్త ప్లగ్గుతో చూడవలెను. అప్పటికిని లేనిచో స్విచ్చి తీగనో, కాయిలునో అనుమానించి మెకానిక్కునకు చూపవలెను. పెట్రోలు, రవ్వ రెండును ఉండి తాడు ఎదురు బిగువు లేక వదులుగా వచ్చుచున్నచో రింగులు అరిగినవని గ్రహింపవలెను.

స్టార్టయి, రేసు ఇవ్వగానే ఆగిపోవుట: గాలి వడపోత, టాంకు వడపోత, సైలెన్సరు జల్లెడ – ఈ మూడును శుభ్రపరుపవలెను. చోకు వేసియుంచిననే నడచుచున్నచో పెట్రోలు చాలుట లేదు. గొట్టము పగులుగాని, కార్బురేటరులో మురికిగాని, గట్టిబడిన రబ్బరు పొరగాని కారణము. ఇట్టి యంత్రమును చోకుతో బలవంతముగా నడపరాదు.

పది పదునైదు నిముషములు నడచి ఆగుట: టాంకు మూతను కొంచెము వదులుచేసి చూడవలెను. బుస్సుమని గాలి పీల్చి, తిరిగి స్టార్టయినచో మూతలోని గాలిరంధ్రము మూసుకొన్నది. దానిని శుభ్రపరచిన చాలును. అట్లు కానిచో రెక్కల సందులు మూసుకొని ఇంజను కాగుచుండవచ్చును, లేదా కాయిలు వేడికి చెడుచుండవచ్చును.

రేసు తగ్గించినను బ్లేడు తిరుగుట: ఇది ప్రమాదకరమైన లోపము. మందవేగపు మరను గడియారపు ముల్లుకు ఎదురుదిశగా కొద్దికొద్దిగా త్రిప్పి వేగము తగ్గింపవలెను. అప్పటికిని నిలువనిచో క్లచ్చి స్ప్రింగు విరిగినది. బాగుచేయించు వరకు యంత్రమును వాడరాదు.

ఇంజను రేసగుచున్నను బ్లేడు తిరుగకపోవుట: క్లచ్చి అరిగియుండవచ్చును. గొట్టమును విడదీసి బిగించు యంత్రములలో ఇరుసు కొన సరిగా కూర్చొనలేదేమో చూడవలెను.

మితిమీరి అదరుట: వంగిన బ్లేడు, మధ్యకు కూర్చొనని బ్లేడు, చుట్టుకొన్న గడ్డి, వదులైన నట్టు – వీనిలో ఒకటి కారణము. వెంటనే ఆపి చూడవలెను.

తాడు తెగకుండుటకు: మొదట బిగువు తగులువరకు మెల్లగా లాగి, అచటినుండి చురుకుగా లాగవలెను. కొసవరకు లాగరాదు. పిడిని ఒక్కసారిగా విడువక చేతితోనే వెనుకకు పంపవలెను.

మనుష్యుల భద్రత

యంత్రమును కాపాడుకొనుట ఒక ఎత్తు, కంటిని, కాలిని కాపాడుకొనుట వేరొక ఎత్తు. రాయి ఎగిరి కన్ను పోయినచో ఏ మెకానిక్కును బాగుచేయలేడు. కంటి అద్దములు, గట్టి బూట్లు, పొడుగు లాగు, చెవులకు రక్షణ లేనిదే పని మొదలుపెట్టరాదు. లుంగీతో, చెప్పులతో ఈ పని చేయుట సాహసము కాదు, అవివేకము. చుట్టును 15 మీటర్ల లోపల మనుష్యులుగాని, పశువులుగాని ఉండరాదు. బ్లేడు నడపువానికి పైనుండి చూడగా గడియారపు ముల్లుకు ఎదురుదిశగా తిరుగును. కావున కుడినుండి ఎడమకు ఊపుచు కోయవలెను. బ్లేడు ముందు కుడిభాగము మోడునకు తగిలినచో యంత్రము ఎదురుతన్నును. వేడి ఇంజనులో పెట్రోలు పోయరాదు. పోసినచోటనే స్టార్టు చేయక కనీసము మూడు మీటర్లు జరుగవలెను. వయ్యారిభామను పూతకు ముందే కోయవలెను. పూతలో కోసినచో పుప్పొడి రేగి దురదలు, ఉబ్బసము కలుగును.

గ్రామ సిబ్బందికి ఒక మనవి

సంఘములు, అద్దె కేంద్రములు ఉమ్మడిగా నడపు యంత్రములు సొంత యంత్రములకంటె త్వరగా చెడుట అందరికి అనుభవమే. అందరి సొత్తు ఎవరి సొత్తు కాకపోవుటే దీనికి కారణము. గ్రామ వ్యవసాయ సహాయకులు, విస్తరణ అధికారులు ఇట్టి ప్రతి యంత్రమునకు ఒక బాధ్యుని ఏర్పరచి, ఒక చిన్న పుస్తకమును పెట్టింపవలెను. తీసికొన్న తేదీ, నడచిన గంటలు, గ్రీజు పెట్టిన తేదీ, ప్లగ్గు మార్చిన తేదీ అందులో వ్రాయింపవలెను. మిశ్రమమును కేంద్రములోనే కొలిచి కలిపి ఇచ్చినచో పిస్టను పట్టివేయు ప్రమాదము చాల వరకు తప్పును. రోహిణి కార్తెలో ఒక దినము గ్రామమునకు మెకానిక్కును రప్పించి, అందరి యంత్రములను ఒకచోట చేర్చి, ప్లగ్గు విప్పుట, వడపోత కడుగుట రైతులచేతనే చేయించినచో ఎంతయో మేలు. చూచినదానికంటె చేసినది మనస్సున నిలుచును. తైవాన్ స్ప్రేయర్లు, రంపపు యంత్రములు కూడ పెక్కు ఇట్టి ఇంజనులతోనే నడచుచున్నవి గనుక ఈ పాఠము వానికిని వర్తించును.

ఎద్దునకు వేళకు మేత, నీరు, విశ్రాంతి ఇచ్చుట మన రైతునకు ఎవరును నేర్పనక్కరలేదు. పని లేని నాడును దానిని కొట్టములో కట్టి మేపును. యంత్రమునకు మేత అక్కరలేదుగాని కొలిచిన ఆయిలు, శుభ్రమైన గాలి, పొడియైన చోటు మాత్రము కావలెను. ఈ మూడును సమకూర్చిన రైతునకు మొదటి వాన కురిసిన మరునాడు యంత్రము రెండు మూడు లాగులకే పలుకును. గట్టుమీద కలుపు విత్తనము రాల్చకముందే నేలకొరగును.